నాలుగో పంపు సీల్

మార్చి 3, సోమవారం

నాలుగో పంపుకి ఇవాళ మళ్ళీ కొత్త సీల్ వేశాను. ఏడాది మొదలై రెండు నెలలు, ఇది మూడో సీల్. మేనేజరు వెనకాల నిలబడి, నువ్వు వేసినవన్నీ ఇలాగే పోతాయేంటయ్యా, నీ చేతిలోనే ఏదో ఉంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పద్దెనిమిదేళ్ళుగా వేస్తున్నాను. నాకు నవ్వు రాలేదు.

ఆయన మొహాన అనలేనిది ఇక్కడ రాసుకుంటున్నా. పంపులోది బయటికి కారకుండా ఆపే సీల్ అంటే రెండు రింగులు. ఒకటి షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది, రెండోది కదలదు. స్ప్రింగులు రెండిటినీ దగ్గరికి అదిమి పెడతాయి. ముఖాలు అద్దంలా ఉంటాయి, వేలు కూడా తగలనివ్వం. అయినా అవి ఒకదాన్నొకటి రాసుకోవు. మధ్యలో వెంట్రుకలో వందో వంతు మందాన తడి పొర ఉంటుంది. తిరిగేదంతా దాని మీదే. పొర ఉన్నన్నాళ్ళూ ఢోకా లేదు. ఆరిందా, నిమిషాల్లో మాడిపోతాయి. మా పంపులో నడిచేది వేడి కాస్టిక్, ఒంటి మీద పడితే మాడ్చేసే క్షారం. అది ముఖాల దగ్గర గడ్డకడితే ఇసుక పోసినట్టే. అందుకే సన్నటి పైపుతో బయటి నుంచి నీళ్ళు పంపుతాం. దాన్నే ఫ్లష్ లైను అంటాం. ఆ నీళ్ళు తగ్గకూడదు. ఇందులో నా చెయ్యి ఏం చేస్తుంది?

మార్చి 6, గురువారం

టీ దగ్గర బావ నన్ను పక్కకి లాగాడు. అక్కని చేసుకున్నాడు కాబట్టి బావ, నాలుగో పంపు నడుపుతాడు కాబట్టి తలనొప్పి. ఫ్లష్ వాల్వు పావు వంతే తెరుస్తున్నాడట. నీళ్ళు కలిసి కాస్టిక్ పలచబడుతోందని, మళ్ళీ మరిగించడానికి ఆవిరి దండగని మేనేజరు చెప్పాడట. నోటిమాటే. కాగితం మీద ఇమ్మని అడగలేకపోయావా అన్నాను. నీకున్న నోరు నాకు లేదురా అన్నాడు. మూడు సీళ్ళు పోయాక ఇప్పుడు తీరిందా చెప్పడానికి అన్నాను. టీ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

మార్చి 7, శుక్రవారం

మేనేజరు గదికి వెళ్ళాను. ఫ్లష్ పూర్తిగా తెరిపించండి సార్, సీల్ పగిలితే కాస్టిక్ మనిషి మీద పడుతుంది అన్నాను. నీ పని ఫిట్టింగ్, ప్రాసెస్ నాకొదిలెయ్ అన్నాడు. రాసిస్తాను అన్నాను. రాసుకో అన్నాడు.

రాయలేదు. రాస్తే వాల్వు తిప్పిన చెయ్యి బావదని తేలుతుంది.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం

సీల్ పోయింది. బావ పక్కనే ఉన్నాడు. కాస్టిక్ మొహం మీద పడింది.

అదే రోజు, సాయంత్రం

షవర్ కిందికి నేనే ఈడ్చుకెళ్ళాను. ఇరవై నిమిషాలు నీళ్ళ కింద కళ్ళు విప్పి పట్టుకున్నాను. అరిచి అరిచి నా చొక్కా చింపేశాడు. ఆస్పత్రిలో ఎడమ కన్ను పోయిందన్నారు. కుడిది ఇప్పుడే చెప్పలేమన్నారు.

అక్క ఏడవలేదు. సీల్ ఎవరు వేశారని అడిగింది. నేనే అన్నాను.

మార్చి 13, గురువారం

పంపు విప్పాను. తప్పుగా బిగిస్తే అరుగుదల ఒక పక్కకే ఉంటుంది. ఇక్కడ చుట్టూ సమానంగా గాట్లు, గాట్లలో గడ్డకట్టిన కాస్టిక్ తెల్లటి పలుకులు. రెండు రింగుల్లో గట్టిదాని మీద వేడి పగుళ్ళు. వెనక ఉండే రబ్బరు రింగు బొగ్గయిపోయింది. నీళ్ళు చాలక పోయిందని ఏ ఫిట్టరైనా చూడగానే చెబుతాడు. ఫొటోలు తీసుకున్నాను.

సంతోషం వేసింది. అక్కడ బావ కన్ను పోతే, ఇక్కడ నా తప్పు లేదని సంతోషం. కాసేపే. వాల్వు బావ చేతిలోదని మళ్ళీ గుర్తొచ్చింది.

మార్చి 14, శుక్రవారం

మేనేజరు తలుపు వేసి మాట్లాడాడు. ప్రమాదం రిపోర్టులో నీళ్ళు తగ్గాయని రాస్తే ఆపరేటరు అజాగ్రత్త అవుతుందట, ఉద్యోగం ఊడుతుందట, ఆస్పత్రి సంగతి కూడా కంపెనీ చూడదట. ఫిట్టింగ్ తప్పని రాస్తే బావకి కూర్చుని చేసే పని ఇస్తారట. వాల్వు మూయమన్న మాట ఎవరు రాస్తారు సార్ అన్నాను. ఎవరన్నారు అన్నాడు. నిజంగానే తెలియనట్టు మొహం పెట్టాడు.

రెండో షిఫ్టు ఆపరేటరుని పట్టుకున్నాను. అతనికీ వాల్వు తగ్గించమనే చెప్పారు, నాకు తెలుసు. ఇల్లూ పిల్లలూ ఉన్నవాణ్ణి, నన్ను లాగొద్దు గురూ అన్నాడు.

మార్చి 15, శనివారం

అక్క మందులు తేవడానికి వెళ్ళినప్పుడు బావతో చెప్పాను. తప్పు నాదేనని సంతకం పెట్టేస్తా అన్నాను. వద్దంటాడేమోనని ఆగాను. ఒక్కసారి అంటే చాలు, ఎలాగూ పెట్టేవాణ్ణే. అనలేదు. అక్కకి మాత్రం నిజం చెప్పు బావా అన్నాను. తలూపాడు.

మార్చి 17, సోమవారం

సంతకం అయింది. సీల్ సరిగా అమర్చకపోవడం వల్ల ప్రమాదం. అంతే రాసి ఉంది. నన్ను స్టోర్సుకి మార్చారు. అడిగినవాళ్ళకి గ్లవ్స్, బోల్టులు అందించాలి. పానా ముట్టుకోనక్కర్లేదు.

మార్చి 21, శుక్రవారం

నాలుగో పంపు ఫ్లష్ పూర్తిగా తెరిచారట. మేనేజరే దగ్గరుండి తెరిపించాడట. పంపు చుక్క కారకుండా నడుస్తోంది. కొత్త ఫిట్టరు చెయ్యి మంచిదని అందరూ అంటున్నారు.

మార్చి 23, ఆదివారం

బావని ఇంటికి తీసుకొచ్చారని వెళ్ళాను. కుడి కన్ను నిలబడింది. అక్క నన్ను గుమ్మంలోనే ఆపేసింది. నీకు ఉద్యోగం పెట్టించిన మనిషిని ఇలా చేశావు కదరా అంది. లోపల బావ కుర్చీలో ఉన్నాడు. చెప్పలేదా బావా అన్నాను. ఇప్పుడవన్నీ ఎందుకు, వెళ్ళరా అన్నాడు.

అక్కకి చెప్తే కన్ను తన చేత్తోనే పోగొట్టుకున్నానని బావ ఒప్పుకోవాలి. ఆ మాత్రం నాకు అర్థమవుతుంది. ఫొటోలు ఫోన్లోనే ఉన్నాయి. తీసి చూపిస్తే అయిపోయేది. బావ ఆ ఒక్క కన్నుతో నన్నే చూస్తున్నాడు. ఫోను జేబులోంచి తియ్యలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

అక్కకి ఫోన్ చేశాను. నేనే అక్కా అన్నాను.

రాంగ్ నంబర్ అంది.