సియాలె అత్త రెండో నోట్‌బుక్

మార్చి 3, 1986

అక్షరదోషాలను, కోడి గీతల్లాంటి నా రాతను మన్నించాలి. ఐదో తరగతితో బడి మానేశాను. ఇది ఎవరూ చదవరు. అయినా ముందే చెప్పుకుంటే తేలిక.

మా ఆయన ఫెలేటి మా దీవుల వైద్య చరిత్ర రాస్తున్నారు. ఆస్పత్రులు, డాక్టర్లు, అంటురోగాలు అయిపోయాయి. కాన్పుల చాప్టర్ ఖాళీగా ఉంది. మగవాడికి ఆ సంగతులు ఎవరు చెబుతారు? మా సియాలె అత్త నలభై ఏళ్ళు మంత్రసానిగా చేసింది. వెళ్ళి రాసుకు రమ్మన్నారు.

మార్చి 9

అత్త చాప అల్లుతూనే నవ్వింది. పదేళ్ళు చచ్చిన డాక్టర్ల వెంట తిరిగాడు, బతికున్న మంత్రసాని ఇప్పుడు గుర్తొచ్చిందటే నీ మొగుడికి, అంది. చెబుతుందట, కానీ ఒక షరతు. అన్నాచెల్లెళ్ళు ఒకచోట ఉండగా ఇందులో ఒక్క ముక్క కూడా పైకి చదవకూడదు. కాన్పు మాట వాళ్ళ మధ్య పడితే ఇక ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుంటారే పిల్లా, అంది. నాకు తెలియని మాట కాదు. అయినా ఒట్టు వేయించుకుంది.

ఏప్రిల్ 20

రెండు నోట్‌బుక్కులు నిండాయి. మొదటిది ఆయనకిచ్చాను. అందులో నా సంగతీ ఉంది. నిరుడు గాలివానలో ఆస్పత్రికి పడవ దొరక్క నా బిడ్డ కడుపులోనే పోయిన రోజు. అత్త చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను.

షరతు ఆయనకు రెండుసార్లు చెప్పాను. పేర్లు తీసేస్తాలే, నేనూ ఇక్కడ పుట్టినవాణ్ణేగా, అన్నారు.

జూలై 25

చర్చి హాల్లో పుస్తకం విడుదల. ఆక్లాండ్ నుంచి ప్రొఫెసర్ వచ్చాడు. మా అన్నయ్య సెమిసి పందిని కాల్చి తెచ్చి, ముందు వరుసలో కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు. ఆయన మైకు ముందు కాన్పుల చాప్టర్ తీశారు. పేరు లేదు. గాలివాన, పడవ, నీలం తలుపుల ఇల్లు, నెత్తురు, అన్నీ ఉన్నాయి. మా ఊళ్ళో నీలం తలుపుల ఇల్లు మాదొక్కటే.

అన్నయ్య లేచాడు. నావైపు చూడలేదు. తలవంచుకుని బయటికి పోయాడు. అన్నయ్య వెనకే ఒక్కొక్కరే మగాళ్ళు. ప్రొఫెసర్ చప్పట్లు కొట్టాడు.

జూలై 26

మీవాళ్ళకి చరిత్రకీ కబుర్లకీ తేడా తెలీదు, అన్నారు మా ఆయన. మీవాళ్ళట.

ఆగస్టు 8

ఆక్లాండ్ నుంచి ఉత్తరం. రెండో భాగం రాసిస్తే ఉద్యోగం ఖాయమట. పుస్తకం చివర నన్ను 'ఒక స్థానిక మహిళ' అని వేశారు. లెసియేలీ, ఆ రెండో నోట్‌బుక్ ఎక్కడ పెట్టావే, నా బతుకంతా దాని మీదే ఉంది, అని ఇల్లంతా వెతుకుతున్నారు.

అన్నయ్య మా గుమ్మం ఎక్కడం మానేశాడు. కొబ్బరికాయలు పక్కింటి గేటు దగ్గర దించి పోతున్నాడు. అత్తను చూడబోయాను. చాప మీంచి తల ఎత్తకుండా, ఎవరమ్మా నువ్వు, అంది.

ఆగస్టు 10, ఆదివారం

ప్రతి ఆదివారం మా పెరట్లో, రాళ్ళు కాల్చి వంట చేసే ఉము గుంట రాజేసేది అన్నయ్యే. అది మగవాళ్ళ పని. ఇవాళ నేనే రాజేశాను. రాళ్ళ కింద కట్టెలు తడిగా ఉన్నాయి. నోట్‌బుక్ పొడిగా ఉంది.

చేమదుంపలు బాగా ఉడికాయి. ఆయన మళ్ళీ పెట్టించుకున్నారు.

ఇది కూడా ఎవరికైనా దొరికితే కాల్చెయ్యండి.