అన్నం చల్లారుతోందని

సుకార్జో బాబాయ్‌కి,

నీ కబురు అందింది. మిల్లులో టర్బైన్ ఇరుసు వంగింది ఇంజనీరు వెనింగ్ అక్క కంప్యూటర్ లెక్క తప్పడం వల్లేనని, ఆ రోజు నీ పక్కనే ఉన్న నేను మేనేజరు ముందు సాక్ష్యం చెప్పాలా? ఆవిడ ఉద్యోగం ఊడితే నీది నిలుస్తుందనా?

ఆవిరి ఒక్కసారిగా వదిలితే ఇరుసు పైవైపు ముందు కాగి, కిందివైపు చల్లగా ఉండిపోయి వంగుతుందని ఆవిడ తెరమీద రంగుల్లో చూపించింది. నువ్వేమో "బొమ్మలు చూసి మిషను నడుపుతామా అమ్మాయ్? నా అరచెయ్యి చాలు!" అంటూ టర్బైన్‌ని గేదెను నిమిరినట్టు నిమిరావు.

పోనీ, ఆ చెయ్యినైనా నమ్మావా? టర్బైన్ తిప్పేముందు పెట్టే ప్రార్థన విందుకొచ్చిన మిల్లు యజమాని "పసుపన్నం చల్లారిపోతోందయ్యా, ఇంకెంతసేపు?" అన్నాడు. అంతే, ఇరుసు కింద కాగిందో లేదో తడిమైనా చూడకుండా ఆవిరి వాల్వు మొత్తం తిప్పేశావు. అన్నం చల్లారుతోందని టర్బైన్‌ని వంచిన మొనగాడివి నువ్వొక్కడివే.

బడి మానేసినవాణ్ణి, ఎటు తోస్తే అటు పడతాననుకున్నావు. నిన్న మేనేజరుకి జరిగిందంతా చెప్పేశాను. "వాడు మీ బాబాయే కదరా?" అన్నాడు. "అవునండీ, ఏం చేస్తాం?" అన్నాను.

ఆ రోజు పిన్ని కట్టిచ్చిన పసుపన్నం మీ కోళ్లకే వేశాను. చల్లారిపోయిందని ఒక్కటీ వంక పెట్టలేదు.

నీ అన్న కొడుకు