నాన్నను ఇప్పుడే రావద్దని చెప్పు

మరోదా, భిలాయి
18-11-1994

అమ్మకు దెబోరా వందనాలు. పిన్ని ఇంట్లో అందరం కులాసా.

నన్ను వచ్చి తీసుకెళ్ళమని పోయినసారి నాన్నకు రాశాను కదా, ఇప్పుడే రావద్దని చెప్పు. ఎందుకు రమ్మన్నానో అప్పుడు రాయలేదు. హిందీలో బస్సు ఆడదట. నాకేం తెలుసు, కాలేజీలో ఒకరోజు 'బస్ ఆ గయా' అన్నాను, 'బస్సు వచ్చాడు' అన్నట్టు. అప్పటినుంచి నేను క్లాసులోకి వెళ్తే చాలు, వెనక బెంచీలవాళ్ళు 'ఆ గయా' అంటున్నారు. నేను దేనికీ పనికిరాననిపించి మాట్లాడడమే మానేశాను. మొన్న లాబ్‌లో సారు ప్రశ్న వేస్తే, జవాబు తెలిసీ తల దించుకుని నిలబడ్డాను. చదవకుండా వచ్చానని తిట్టారు.

బయట అమ్ము నన్ను ఆపింది. మా క్లాసే, ఇక్కడ క్యాంప్ 1లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. "తెలిసినా చెప్పవేటి? ఇజీనగరం ఎల్తే నా తెలుగుకి మా చుట్టాలందరూ నవ్వుతారు. నవ్వనీ యార్. నోరు మూసుకుంటే నీకే నష్టం" అంది.

నిన్న క్లాసులో లేచి, అర్థంకానిది హిందీలోనే అడిగాను. నవ్వారు. అయినా అడగడం పూర్తయ్యాకే కూర్చున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. పొద్దున కాలేజీకి బయల్దేరి, ఇప్పటికీ గేటు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కొస్తాను.

తమ్ముడు ఇమ్మానుకు జ్వరం తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే చింతపండు పంపు, పిన్ని అడిగింది. నాన్నకు, మామ్మకు వందనాలు. చర్చిలో నా గురించి అడిగితే చదువుకుంటోందని చెప్పు. సంతోషంగా ఉందని మాత్రం ఇంకా చెప్పకు.

నీ కూతురు
దెబోరా