గస్ పెట్టిబోన్ వీపు కొలత

ఐడహో రాష్ట్రం, లెమ్హై కౌంటీ, టిన్‌కప్ వాగు దారిలో నివసించే ఓరిన్ కెల్సో అనే నేను, ఎనభై ఏళ్ల వయసులో, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి సవ్యంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. గుండె సంగతి అడిగితే వాతావరణం గురించి మాట్లాడాడు. ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. రాయవద్దని బతిమాలినవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లలో మొదటి మనిషి నా లాయరు హెస్టర్ మెక్‌ఫీ. "ఓరిన్ గారూ, వీలునామాలో ఆస్తులు రాస్తారండీ, తిట్లు రాయరు" అంది. నా ఆస్తిలో ఎక్కువ భాగం అవేనని చెప్పాను. దీన్ని అమలు చేసే బాధ్యత ఆమెకే అప్పగిస్తున్నాను. అది కూడా ఒక రకం తిట్టే.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు. వాటిలో నేను మరీ మర్యాదగా ఉన్నాను.

ఇప్పుడు మళ్లీ రాయడానికి కారణం ఒక్కటే, మ్యూల్ కొండ కింద ఉన్న మా వేట కేబిన్. అది నా భార్య వెర్నాకు పుట్టింటి నుంచి వచ్చింది. ఆమె పోతూ నాకు రాసింది. ఆమె తమ్ముడు గస్ పెట్టిబోన్ మాత్రం, నేను పోయిన మర్నాడే అది తనదవుతుందని ఊళ్లో కాఫీ దొరికే ప్రతి చోటా చెప్పుకు తిరుగుతున్నాడు. కిటికీలకు ఏ రంగు వేయించాలో కూడా తేల్చుకున్నాడట. కాబట్టి గస్, హెస్టర్ దీన్ని చదివేటప్పుడు నువ్వు కుర్చీలోనే కూర్చుని ఉండు. చేతులున్న కుర్చీ అయితే మంచిది.

అంశం 1. ఈ ఇల్లు, ఇంట్లో సామాను, రెండు తుపాకులు, పికప్పు నా ఒక్కగానొక్క కూతురు టెస్సాకు చెందాలి. పికప్పు చలికి మొండికేస్తుంది. టెస్సా, నువ్వు స్కూలు బస్సు నడిపేదానివి, మొండివాళ్లు నీకు కొత్త కాదు. నన్నూ అలాగే నెట్టుకొచ్చావు.

వేట మాంసం వీపున మోయడానికి వెర్నా వాడిన పాత అల్యూమినియం ఫ్రేము కూడా టెస్సాదే. ఆమె తన ఉన్ని కోటు చింపి దాని భుజం పట్టీల్లో కుక్కి కుట్టింది. ఆ కుట్లు విప్పవద్దు. పెళ్లయిన కొత్తలో నేను బరువంతా భుజాల మీద వేలాడేసుకుని మూలుగుతూ కొండ దిగుతుంటే, వెనక నుంచి వెర్నా నవ్వు వినిపించింది. "భుజాలతో పట్టుకో ఓరిన్, తుంటితో మొయ్యి. నడుం బెల్టు అలంకారానికి పెట్టలేదు" అంది. కాలేజీలో చదివినదంతా ఒక ఎత్తు, నాకు పనికొచ్చిన ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

అంశం 2. పుస్తకాలు. ఈ కౌంటీ వారపత్రికను నా జీవితంలో మంచి భాగమంతా నేనే నడిపాను. మా పాఠకులు చదవని పుస్తకాలన్నీ వాళ్ల తరఫున నేను చదివాను. వేటకు వెళ్లేటప్పుడు బరువు తగ్గుతుందని, ఏ పుస్తకాన్నయినా మధ్యకు చీల్చి, చదవబోయే సగాన్నే బ్యాగులో పెట్టుకునేవాడిని. చదివేసిన పేజీలతో పొద్దున్నే పొయ్యి రాజేసేవాడిని. రోమన్ సామ్రాజ్యం పతనమంతా నా కాఫీ గిన్నె కిందే జరిగింది. చెక్కుచెదరకుండా మిగిలిన పుస్తకాలు కౌంటీ లైబ్రరీకి. చివరి అధ్యాయాలు కాలిపోయిన డిటెక్టివ్ నవలలు, రెండు అరల నిండుగా ఉన్నవి, గస్‌కు. హంతకులు ఎవరెవరో నాకు తెలుసు. నాతో పాటే తీసుకుపోతున్నాను.

అంశం 3. నిర్వచనాలు ఉండాలని హెస్టర్ పట్టుబట్టింది కాబట్టి, ఈ వీలునామాలో "ఫ్రేమ్ బ్యాగు" అంటే ఏమిటో రాస్తున్నాను.

దానికి బరువు పడితే వంగని గట్టి ఫ్రేము ఉండాలి. సంచి ఆ ఫ్రేము నుంచి విడివడాలి, మాంసం ఆ రెంటి మధ్య, వీపుకు ఆనుకుని, కాస్త ఎత్తుగా కూర్చోవాలి. కిందికి జారకుండా అడుగున చిన్న అర ఉండాలి. సంచి అడుగున పడేసిన దుప్పి తొడ మనిషిని వెనక్కి లాగుతుంది, వాలులో వాడు వెల్లకిలా పడ్డ తాబేలవుతాడు. ఫ్రేము పొడవు మనిషి ఎత్తును బట్టి కాదు, మెడ ఎముక నుంచి తుంటి దాకా ఉన్న వీపును బట్టి చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు పట్టీలు లాగితే అది అట్టలా అణిగిపోవాలి. పొద్దున కొండెక్కేటప్పుడు ఒక రొట్టె, ఒక కోటు పట్టే చిన్న సంచిగా, సాయంత్రం దిగేటప్పుడు ఎల్క్ దుప్పి తొడను మోసే బండిగా అదొక్కటే పనిచేయాలి. రెండు బ్యాగులు తెచ్చుకునేవాడికి కావలసింది బ్యాగు కాదు, గాడిద. గుడ్డ గరగరమనకూడదు. నా సంపాదకీయాలు ఏ దుప్పీ వినలేదు గాని, నైలాను చప్పుడు వింటే కొండ దాటిపోతుంది. జిప్పులు తక్కువ ఉండాలి, నెత్తురు కడిగితే పోవాలి.

మొన్న కొట్టుకు వెళ్తే, అమ్మే మనిషి ఒక బ్యాగులో ఉబ్బుగా కనబడేలా కాగితాలు కుక్కి నా ముందు పెట్టి, "ఎంత తేలిగ్గా ఉందో చూడండి సార్" అన్నాడు. పక్కన కుక్కల మేత బస్తా కనబడింది. దాన్ని అందులోకి ఎక్కించి, అతని వీపునే తగిలించి, కొట్టంతా తిప్పాను. మెట్లెక్కించి దించాను. తర్వాత ఇంకో బ్యాగు. దాని తర్వాత ఇంకోటి. "సార్, మీరు కొంటారా, నన్ను చంపుతారా?" అని అడిగాడు. అతను ఆయాసపడకుండా మెట్లెక్కిన బ్యాగునే కొన్నాను. నా గుండెకు చాలా రోజుల తర్వాత అంత మంచి వ్యాయామం దొరికింది, నవ్వు వల్ల.

అంశం 4. ఆ బ్యాగు ఎవరికో చెప్పే ముందు, కేబిన్ నియమం ఒకటి చెప్పాలి. దాన్ని పెట్టింది గస్ తండ్రి, అంటే మా మామగారు. పక్కవాళ్లు కొట్టిన ఎల్క్ వెనక తొడను ట్రక్కు దాకా మోసినవాళ్లకే కేబిన్‌లో మంచం. మిగతావాళ్లకు నేల. అందరి మాంసం దిగాకే కొమ్ములు దిగాలి. పెద్దాయన కొడుకు కాబట్టి గస్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. పుట్టుకతోనే మంచం వచ్చింది. నేను అడగబోతే వెర్నా, "వాడు చిన్నోడు, వదిలెయ్" అనేది. ఆ చిన్నోడికి అప్పటికే బట్టతల.

గస్ ఏటా కొత్త బ్యాగుతో వచ్చేవాడు. దుప్పి పడగానే నా వైపు జాలిగా చూసేవాడు. "ఇది మాంసానికి కాదు బావా, కెమెరాకి." మరుసటి ఏడు, "ఇందులో నీళ్ల గొట్టం ఉంది బావా, నెత్తురు తగిలితే పాడవుద్ది." ఆ మరుసటి ఏడు తెచ్చినదానికి ఒళ్లంతా జేబులే. ఏ జేబులో ఏం పెట్టాడో తెలియక అగ్గిపెట్టె కోసం మధ్యాహ్నం దాకా వెతికాడు. టెస్సా తొడ మోసుకుంటూ పక్క నుంచి వెళ్తుంటే, "అమ్మాయ్, ఆ పట్టీ కొంచెం బిగించుకో" అని సలహా ఇచ్చేవాడు. రాత్రికి ఆమెకు రావలసిన మంచం తను ఎక్కేవాడు. నా కూతురు నేల మీద పడుకునేది. "ఆడపిల్లకి మంచం ఎందుకు బావా, నియమాలు చూస్తే మగాళ్ల కోసం రాసినట్టున్నాయి" అనేవాడు. నియమం ఎక్కడా రాసి లేదు.

ఒకే ఒక్కసారి నేనూ, టెస్సా కలిసి పట్టుకుని అతని వీపున తొడ ఎక్కించాం. ఫ్రేము లేని సంచి. కుట్టు పిగిలి, తొడ మంచు మీద జర్రున జారి, కింద వాగు పక్కన డేరా వేసుకున్న ఎవరో వేటగాళ్ల పొయ్యి దాకా వెళ్లి ఆగింది. వాళ్లకు వారంగా ఏమీ దొరకలేదట. టోపీలు తీసి ఆకాశానికి దణ్ణం పెట్టారు. నేను వెళ్లి అడగబోతే గస్ నా చొక్కా పట్టుకుని లాగాడు. "పోన్లే బావా, అన్నదానం అనుకుందాం."

అతనికి బ్యాగు ఎంచుకోవడం చేతకాదని చాలా ఏళ్లు అనుకున్నాను. నిజం ఆలస్యంగా వెలిగింది. ఈ కౌంటీలో బ్యాగుల గురించి అతనంత తెలిసినవాడు లేడు. మాంసం పట్టని బ్యాగు ఏదో వెతికి వెతికి, ఎప్పుడూ గురి తప్పకుండా దాన్నే కొన్నాడు.

అంశం 5. అందుచేత, మూడో అంశంలోని నిర్వచనానికి అన్ని విధాలా సరిపోయే కొత్త ఫ్రేమ్ బ్యాగు, ఇప్పుడు గ్యారేజీలో మేకుకు వేలాడుతున్నది, గస్ పెట్టిబోన్‌కు. ఫ్రేము అతని వీపు పొడవుకు సరిగ్గా అమర్చి ఉంది. సరిపోలేదనే సాకు నడవదు. పోయిన థాంక్స్‌గివింగ్ పండగ రోజున టర్కీ కోడి తిని మా సోఫాలో బోర్లా పడి గురకపెడుతుంటే టేపు పెట్టి కొలిచాను. మధ్యలో మెలకువ వచ్చింది. "ఏం చేస్తున్నావ్ బావా?" అన్నాడు. "నీ శవపేటికకి కొలత" అన్నాను. "కాస్త వదులుగా చెప్పు" అని మళ్లీ నిద్రపోయాడు.

అంశం 6. కేబిన్ టెస్సాకు. గస్ పెట్టిబోన్‌కు అందులో మంచం, నేల, పొయ్యి వెచ్చదనం, కిటికీ రంగు మీద అభిప్రాయం, ఏవీ లేవు. టెస్సా కొట్టిన ఎల్క్ వెనక తొడను పై బ్యాగులో ట్రక్కు దాకా మోసిన రోజున మాత్రం లోపలికి రావచ్చు. ఆ రోజు రాదని నాకు తెలుసు. తెలిసే, ఈ అంశాన్ని చక్కటి దస్తూరీతో రాస్తున్నాను. హెస్టర్ దీన్ని రెండుసార్లు చదవాలి, రెండోసారి నెమ్మదిగా.

అంశం 7. పై ఆరు అంశాలూ రాయగానే సంతకం పెట్టేయాల్సింది. సాక్షులు మర్నాడు వస్తామన్నారని ఆగాను, ఆగి చెడిపోయాను.

మర్నాడు పొద్దున గస్ వచ్చాడు. కాఫీకి వచ్చానన్నాడు గాని, కళ్లన్నీ ఈ కాగితాల మీదే. నేను వాటి మీద రొట్టెల పళ్లెం పెట్టాను. అంతలో టెస్సా ఫోను. "నాన్నా, మగదుప్పి పడింది. మ్యూల్ కొండ అవతలి లోయలో. ఎండ ఎక్కుతోంది, మాంసం పాడైపోద్ది. నేనొక్కదాన్నే ఇదంతా దించలేను. ఎవరైనా ఉన్నారా?"

వేట రోజులు. ఊళ్లో కాళ్లున్న ప్రతి మనిషీ కొండల్లోనే ఉన్నాడు. "ఎవరూ లేరమ్మా" అన్నాను. ఎదురుగా గస్ కూర్చునే ఉన్నాడు. అయినా నిజమే చెబుతున్నాననుకుని అన్నాను.

గస్ కప్పు కింద పెట్టాడు. "నేనున్నాగా."

"నీ బ్యాగు మాంసానికి కాదుగా."

"నోరు మూసుకో బావా. గ్యారేజీ తాళం ఎక్కడ?"

కర్ర పట్టుకుని వెనకాలే వెళ్లాను. గోడకు నా పాత సంచులు నాలుగైదు ఉన్నాయి. వాటి వైపు చూడనైనా చూడకుండా కొత్తదాని దగ్గరికి వెళ్లాడు. ఫ్రేమును మోకాలికేసి వంచి చూశాడు, వంగలేదు. పట్టీలు వదిలి సంచిని ఫ్రేము నుంచి విడదీశాడు. అడుగున అర నొక్కాడు. గుడ్డను చెవి దగ్గర రాసి చూశాడు. నేను మూడో అంశంలో పేజీ నిండా రాసినదంతా చేతులతో చదివేశాడు. తగిలించుకుని బెల్టు తుంటి మీద బిగించాక, ఆగి నా వైపు తిరిగాడు.

"ఇది నా కొలతే. ఆ రోజు టేపు..."

"అవును."

"శవపేటిక అన్నావు కదరా బావా!"

"ఇంత తెలిసినవాడివి, ఇన్నేళ్లూ ఇలాంటిది ఎందుకు కొనలేదు?" అని అరిచాను.

"తెలుసు కాబట్టే కొనలేదు. కొంటే మోయాలిగా" అన్నాడు. పికప్పు ఎక్కుతూ, నా వైపు చూడకుండా, "అక్క ఉంటే ఈపాటికి సగం కొండెక్కేసేది" అన్నాడు.

పొద్దు వాలాక ఇద్దరూ వచ్చారు. టెస్సా వెర్నా ఫ్రేముతో ఒక తొడ, గస్ ఇంకో తొడ. ముందు కాళ్లు, కొమ్ములు రేపటికి నీడలో చెట్టుకు కట్టి వచ్చారు. పికప్పు వెనక బ్యాగు విప్పకుండానే కూర్చుని వచ్చిన గస్, నా వంటింటి నేల మీద దానితో సహా వాలిపోయాడు. "బెల్టు విప్పు బావా, వేళ్లు పనిచేయట్లేదు" అన్నాడు. టెస్సా గుమ్మానికి ఆనుకుని నవ్వుతోంది. "మావయ్య దారంతా తిట్టాడు నాన్నా. నిన్ను, దుప్పిని, కొండని, ఆ కొండని చేసిన దేవుణ్ణి. నాక్కూడా తగిలాయి రెండు మూడు. దించుదాం మావయ్యా అంటే మాత్రం దించనివ్వలేదు."

నేను వంగి బెల్టు విప్పాను. రొట్టెల పళ్లెం కింద ఉన్న నా అందమైన ఆరో అంశం ఇక ఎందుకూ పనికిరాదని అప్పుడు అర్థమైంది. ఎనభై ఏళ్లు బతికి, ఇంత చదివి, మనసారా రాసుకున్న ఒక్క పగను ఈ మనిషి ఒక్క పూటలో పాడుచేశాడు. నాకు కోపం రావాలి. వచ్చినట్టే వచ్చి నవ్వయిపోయింది. గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. ఇద్దరూ కంగారుపడి నీళ్లు తెచ్చారు.

"కేబిన్ సంగతి..." అని నేనే మొదలుపెట్టబోయాను.

"అది అమ్మాయికే రాయి" అన్నాడు గస్ నేల మీద నుంచి, కళ్లు మూసుకునే. "రంగులూ వద్దు, పాడూ వద్దు. నాకు పడుకోడానికి ఇంత చోటు ఉంచండి చాలు."

అంశం 8. కాబట్టి ఆరో అంశంలో గస్ గురించి రాసినది రద్దు. దాన్ని కొట్టేశాను. ఒక్క సన్నటి గీతే గీశాను, కింద ఏముందో సుఖంగా చదువుకోవచ్చు. కేబిన్ టెస్సాదే. అందులో గస్ ఇన్నేళ్లూ పడుకున్న మంచం ఇకపై టెస్సాది. పొయ్యికి దగ్గరగా ఉన్న నా మంచం, అతను బతికున్నంత కాలం, గస్‌ది. పరుపు మధ్యలో నా ఆకారంలో గుంట పడి ఉంది. అతను నాకంటే పొట్టి. సర్దుకుని పడుకోవాలి.

రెండు వేల పందొమ్మిది అక్టోబరు ఇరవై నాలుగో తేదీన, నా ఇంట్లో, పైన రాసినదంతా ఇద్దరు సాక్షుల ఎదుట మరోసారి చదువుకుని, మరే మాటా వెనక్కి తీసుకోకుండా చేసిన సంతకం:

ఓరిన్ కెల్సో

సాక్షులు:
1. లూసిల్ ఓర్టేగా, పక్కింటావిడ. (చదువుతుంటే నవ్వింది. సంతకం కొంచెం వంకర పోయింది, అది ఆమెదే.)
2. డార్విన్ హైడ్, పోస్టుమాస్టరు.