పదికి తొమ్మిది మాటలు

ధ్వని ప్రయోగశాల చెల్లెమ్మకి,

విశ్వవిద్యాలయంలో జరిగే పరిశోధనలు మామూలు జనానికి తెలియాలని ఈ మధ్యే ప్రచార విభాగం ఒకటి పెట్టి, పత్రికలో ముప్పై ఏళ్ళు పనిచేసిన నన్ను తెచ్చి ఇందులో కూర్చోబెట్టారు. మీ వ్యాసం మూడుసార్లు చదివాను. "బహుళ అంతస్తుల నివాసాల నిలువు నాళాలలో వాక్ స్పష్టత: ఒక ప్రాథమిక పరిశీలన." మొదటిసారి టీ చల్లారింది. రెండోసారి నేను చల్లారాను. మూడోసారి అర్థమై ఉలిక్కిపడ్డాను. అపార్ట్‌మెంటులో వంటింటి కిటికీలన్నీ తెరుచుకునే ఆ డక్టులోంచి ఒకరింటి మాటలు రెండంతస్తుల పైకి వినబడతాయనా మీరు చెప్పేది? మరి అలా చెప్పరేం?

మా పాత పత్రిక ఆదివారం పేజీకి నేనే తిరగరాస్తాను. ఒక్కటే అభ్యంతరం. మీరు స్పీకరులో వినిపించిన పరీక్షా వాక్యం "గోడ పక్కన ఎర్ర బల్ల ఉంది". ఏ వంటింట్లో ఎవరంటారమ్మా ఈ మాట? మనుషులు అనేది ఒకటి పెడతాను. ప్రతి మార్పుకీ రాతలో అనుమతి ఉండాలని మా విభాగం రూలు, కాబట్టి ఉత్తరమే రాయండి.

మీ మంచి కోరే,
ప్రచార విభాగం అక్కయ్య

తా.క.: వ్యాసంలో "బహుశా" నలభై ఒక్కసార్లు వచ్చింది. మీ తృప్తి కోసం రెండు ఉంచాను.

*

ప్రచార విభాగం అధికారిణి గారికి నమస్కారాలు.

మీ విలువైన వ్యాఖ్యలకు కృతజ్ఞతలు. వరుసగా నా సమాధానాలు.

వ్యాఖ్య ఒకటి, టీ చల్లారుట: అంగీకరిస్తున్నాను. వ్యాఖ్య రెండు, మీరు చల్లారుట: విచారిస్తున్నాను. వ్యాఖ్య మూడు, ఎర్ర బల్ల: పాక్షికంగా అంగీకరిస్తున్నాను. వాక్యం మార్చడం బహుశా తప్పు కాదు, కానీ అది ఉదాహరణ కోసం అల్లినదని అడుగున చిన్న అక్షరాల్లో గమనిక ఉండి తీరాలి.

భవనం ఏదో మాత్రం రాయకండి. అది మేముండే భవనమే. ఇరవై నాలుగు వాటాల వాళ్ళూ నన్ను నమ్మి వంటింట్లోకి రానిచ్చారు. రెండో విడతకి మళ్ళీ రానివ్వాలి. ఈసారి కిటికీలకి స్పాంజి పలకలు బిగించి, చప్పుడు ఎంత తగ్గుతుందో కొలవాలి. ఒక్క ఇంటివాళ్ళు కాదన్నా నా నాలుగేళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది.

విధేయురాలు,
ధ్వని ప్రయోగశాల

తా.క.: మీరు తీసేసిన ముప్పై తొమ్మిది "బహుశా"లు వెనక్కి ఇప్పించగలరా? ప్రతిదానికీ కారణం ఉంది.

*

చెల్లెమ్మా,

అభినందనలు! ఆదివారం సగం పేజీ మనదే. "మూడో అంతస్తు వంటింట్లో 'ఈ సంగతి అమ్మతో మాత్రం అనకు' అని ఎవరైనా అంటే, ఐదో అంతస్తులో పదికి తొమ్మిది మాటలు వినబడతాయి." ఈ ముక్క చదివి సంపాదకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఎర్ర బల్లకి లేచేవాడా, చెప్పండి?

మీ గమనిక మాత్రం పడలేదు. చివరి నిమిషంలో పరుపుల ప్రకటన వచ్చి దాని మీద పడుకుంది. పోనిద్దురూ, చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు?

మీ విజయం చూసి మురిసిపోతున్న,
అక్కయ్య

తా.క.: నిశ్చింతగా ఉండండి. భవనం ఏదో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

*

అక్కయ్య గారూ,

భవనం ఏదో ఈ భవనంలో అందరికీ తెలుసండీ! రెండు నెలలు మైకు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నేనే కదా.

ఆదివారం పొద్దున్నే బెల్లు మోగింది. మా అంతస్తులోనే ఉండే పళ్ళ డాక్టరు, నోట్లో బ్రష్షుతో సహా. "మేడమ్, అది నేనే కదూ?" అన్నాడు. "ఏదండీ?" అనేలోపు వెనక నుంచి వాళ్ళమ్మ, "ఏరా, నాతో అనకూడని సంగతేంటి?" అంది. అక్కడికక్కడే చెప్పేశాడు పాపం. ఆవిడ కుట్టుమిషను రిపేరుకి ఇవ్వలేదట, అమ్మేశాడట. పక్కింటి డ్రైవింగు మాస్టారిని అయితే ఎవరూ అడగనైనా లేదు. తనే వెళ్ళి, కారు గోడకి గుద్దింది శిష్యుడు కాదు తనేనని వాళ్ళమ్మ దగ్గర ఒప్పుకున్నాడు.

లిఫ్టులో అసోసియేషన్ సెక్రటరీ నోటీసు అంటించాడు. వచ్చే ఆదివారం మీటింగులో నా పరిశోధన అంతా తప్పని అందరి ముందూ నేను చెప్పాలట. లేకపోతే ఇరవై నాలుగు తలుపులూ మూసేస్తారట. తప్పని ఎలా అనను? అనకపోతే పని ఎలా సాగుతుంది? అసలు ఇన్నాళ్ళూ నేను చేసింది పరిశోధనా, చాటుగా వినడమా? అన్నం సహించడం లేదు. వెంటనే సవరణ వేయించండి.

ఇట్లు,
నిద్రాహారాలు లేని ధ్వని ప్రయోగశాల

తా.క.: మేముండేదీ మూడో అంతస్తే. మా అత్తయ్య పేపరు మడిచి, "అయితే ఏంట్రా అది?" అని మా ఆయన్ని అడిగారు. అప్పట్నుంచి ఆయన ఇంట్లో సైగలతోనే మాట్లాడుతున్నారు.

*

చెల్లెమ్మా,

ఏ ముఖం పెట్టుకుని రాయను! నేను పంపిన సవరణ ఇదీ: "ఆ వాక్యం మూడో అంతస్తులో విన్నది కాదు, అసలెక్కడా విన్నది కాదు, ఉదాహరణకి అల్లినది." జాగా లేదని వాళ్ళు వేసింది ఇదీ: "ఆ వాక్యం మూడో అంతస్తులో విన్నది కాదు." పొద్దున్నే చూశాను. అంటే ఇక మిగిలిన ఐదు అంతస్తులూ అనుమానంలో పడ్డట్టే కదా! కత్తిరించిన అమ్మాయికి కత్తిరించడం నేర్పింది నేనే.

నా మాట విని మీటింగులో తప్పయిందని అనెయ్యండి. పని దక్కుతుంది. కావాలంటే "బహుశా తప్పు" అనండి. నా దగ్గర ముప్పై తొమ్మిది ఉన్నాయి, ఒకటి వాడుకోండి.

సిగ్గుతో,
అక్కయ్య

తా.క.: మా ఇంట్లో కూడా పేలింది. మావారూ అబ్బాయీ తలలు వంచుకుని నా ముందు నిలబడ్డారు. ముప్పై ఏళ్ళలో మా పత్రిక ఒక్కరోజు కూడా చదవలేదట. బయట టీకొట్లో ఎదుటి పత్రిక చదివి వచ్చేవారట. మరి వ్యాసం ఎలా చూశారంటారా? ఎదుటి పత్రికవాళ్ళు మనది ఎత్తి వేసుకున్నారు.

*

అక్కయ్యా,

మీటింగు డాబా మీద జరిగింది. డక్టు లేని చోటు భవనంలో అదొక్కటే. అప్పటికి ఆరు అంతస్తుల్లోనూ ఒప్పుకోళ్ళు పూర్తయ్యాయి. ఎవరి ముఖం ఎవరూ చూడటం లేదు. "చెప్పండి మేడమ్, తప్పే కదా?" అన్నాడు సెక్రటరీ. లేచాను. "బహుశా" నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "తప్పు కాదండీ. పదికి తొమ్మిది మాటలు వినబడతాయి. తలుపులు మూసుకుంటే మూసుకోండి" అని కూర్చున్నాను. నాలుగేళ్ళ పని పోయిందనుకున్నాను.

అప్పుడు మా అత్తయ్య లేచారు.

"తొమ్మిదేంటమ్మా, పదీ వినబడతాయి. పదకొండేళ్ళుగా వింటున్నాం" అన్నారు.

వింటున్నాం! తిరిగి చూద్దును కదా, భవనంలో తల్లులందరూ తలలూపుతున్నారు. పళ్ళ డాక్టరు నోరు తెరిచేశాడు. "అమ్మా, మిషను సంగతి నీకు ముందే తెలుసా?" "అమ్మిన రోజే తెలుసురా." "మరెందుకడిగావు?" "నీ నోటితో చెబుతావేమోనని."

సెక్రటరీ అత్తయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మా ఇంటివి కూడానా అండీ?" "చెప్పమంటావా?" అన్నారు అత్తయ్య. "వద్దొద్దు!" అని, గిర్రున నా వైపు తిరిగాడు. "మేడమ్, ఆ స్పాంజి పలకలున్నాయే, రేపు బిగించగలరా? రేపటిదాకా ఎందుకు, ఇవాళే?" పది నిమిషాల్లో ఇరవై నాలుగు సంతకాలూ నా చేతిలో ఉన్నాయి. అన్నీ కొడుకులవే.

ఇంటికొచ్చాక మా ఆయన వారం తర్వాత నోరు విప్పారు. రోజూ పొద్దున వాళ్ళమ్మ ఇచ్చే కషాయం సింకులో పోసేస్తున్నారట. "తెలుసురా. పోసిన చప్పుడు వినబడదూ? అందుకే ఏడేళ్ళుగా వట్టి వేడినీళ్ళే ఇస్తున్నా. రంగుకి ఇంత టీపొడి" అన్నారావిడ.

జనానికి నేనేదో కొత్త సంగతి చెబుతున్నానని అనుకున్నాను, అక్కయ్యా. సగం జనానికి అది నాకన్నా ఏడేళ్ళ ముందే తెలుసు.

ఇంకా తేరుకోని,
మీ చెల్లెమ్మ

తా.క.: పోల్చి చూడటానికి ఒక్క ఇంటి కిటికీ స్పాంజి లేకుండా వదిలెయ్యాలి. ఏ ఇల్లో మేం ఎంచకూడదు, చీటీ తియ్యాలి, పద్ధతి అది. "చీటీలు నేను రాసిపెడతాలే" అన్నారు అత్తయ్య. ఒకటి తీస్తే మా ఇల్లే వచ్చింది. అనుమానమొచ్చి మిగిలిన ఇరవై మూడూ విప్పాను. అన్నిటిమీదా మా నంబరే.