నాన్న పేరు మీద రంగు

అమ్మా,

వందనాలు. ఒంట్లో బాగానే ఉంది, బెంగపెట్టుకోకు. ఫోన్లో చెబితే నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. చెల్లి బ్లెస్సీ చేత చదివించుకో.

సమాధుల పండక్కి రాలేకపోయాను. ఆటోనగర్‌లో లారీలకు పేర్లు రాసే పని ఎక్కువైందని మా షెడ్డు ఓనరు సెలవివ్వలేదు. సాయంత్రం ఉండబట్టలేక రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఇక్కడి సమాధుల తోటకు వెళ్లాను. అంతా పూలు, జనం. ఒక్క సమాధి దగ్గరే ఎవరూ లేరు, పేరు కూడా వెలిసిపోయింది. ఏటా నాన్న పేరు దిద్దే చెయ్యి కదా, ఊరుకోలేదు. శౌరయ్య అని దిద్దేశాను. అంతలో ఆయన భార్య వచ్చింది, పెద్దావిడ. బస్సు దొరక్క ఆలస్యమైందట.

"మా ఆయనకు నువ్వేమవుతావు నాయనా?" అంది.

"ఏమీ కానండి మామ్మగారూ. మా నాన్న దగ్గరికి వెళ్లలేకపోయానండి" అన్నాను.

తన కొవ్వొత్తుల్లో ఒకటి నా చేతిలో పెట్టింది. "మీ నాన్నను తలుచుకుని ఇక్కడే వెలిగించు" అంది. వెలిగించాను.

నాన్నకు సున్నం వేయించారా? చుట్టూ పెరిగిన ముళ్లకంప కొట్టించారా? మోకాళ్లకు మందు రాస్తున్నావా? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

చోటు అయిపోతోంది. నాన్న పేరు అలాగే ఉండనీ, క్రిస్మస్‌కి వచ్చి నేనే దిద్దుతాను. ఈలోగా ఎవరో తెలియనివాడు కూర్చుని దిద్దుతూ కనిపిస్తే మాత్రం, కోప్పడకు. చేతికో కొవ్వొత్తి ఇయ్యి.

నీ జయపాల్