వేలిముద్ర పెట్టిన పాట

జనగామ,
10-10-2011.

గంగారంలో ఉన్న అన్న మాన్‌సింగ్‌కు, చెల్లెలు రాజీ దండాలతో రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, వదిన, చాందీ కూడా చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేవు, మా కాలేజీకి తాళం. లెక్చరర్లతోపాటు నేనూ రోజూ చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాను. లైబ్రరీలో పదేళ్లుగా అందరినీ గమ్మునుండమన్న దాన్ని, ఇప్పుడు గొంతు పోయేలా తెలంగాణ నినాదాలిస్తున్నాను. వదిన చూస్తే నవ్వుతుంది. మోకాళ్ల నొప్పికి ఆమెను మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయావా? ఆ సంగతి రాయనే లేదు.

చాందీ పెళ్లికి ఇంకా రెండు నెలలుంది కదా, తప్పకుండా వస్తాను. అత్తారింటికి పోయేటప్పుడు పెళ్లికూతురు ఏడుస్తూ పాడే పాటను వాళ్ల నానమ్మ, మన యాడి పాడినట్లే పాడతానని అది పట్టుబట్టిందట. తండాలో ఆ వరస ఎవరికీ పూర్తిగా రాదన్నావు. పైగా ఇలా అడిగావు: "అమ్మ పాట మీ లైబ్రరీ కంప్యూటర్‌లనే ఉన్నదంటివి. ఫోన్ల ఎక్కిచ్చుకొని రానీకి ఏం అడ్డం? మన యాడి గొంతు మనకియ్యనీకి వాళ్లెవరు?"

వారం రోజులుగా ఆ మాటే నాతో తిరుగుతోంది. యాడి పాటలు టేపు చేసుకున్న సారు వాటిని తన యూనివర్సిటీకిచ్చాడు, అది ఒక కంపెనీకిచ్చింది. కంపెనీకి చందా కట్టి మా కాలేజీ వినే అనుమతి తెచ్చుకుంది. లైబ్రరీలో కూర్చుని ఎంతసేపైనా వినవచ్చు, కాపీ మాత్రం చేసుకోకూడదు. ఆ షరతుల కింద సంతకం నాదే. ఒక విద్యార్థిని పెన్‌డ్రైవ్ పెట్టబోతే లాక్కున్నదీ నేనే.

సమ్మెకు ముందు రోజూ విన్నాను. పాట ఎత్తుకునే ముందు యాడి గొంతు సవరించుకోవడం, గాజుల చప్పుడు, అన్నీ ఉన్నాయి. ఆమె పోయి పదమూడేళ్లయినా బెంగ తీరదు. హెడ్‌ఫోన్లు తీయబుద్ధి కాదు.

అన్నా, షరతులు నిజమే. కానీ వాటిని అడ్డం పెట్టుకుని నీ దగ్గర ఒకటి దాచాను. పాట అయ్యాక సారు టేపు ఆపలేదు. ఆయన ఇచ్చిన కాగితంలో ఏముందని యాడి నన్నడగడం అందులో ఉంది. అప్పుడు నేను ఇంటర్. కాగితమంతా ఇంగ్లిషు. అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ. పాటను జాగ్రత్తగా దాస్తారట, ఎప్పుడడిగినా మనకిస్తారట అని మన లంబాడీ భాషలో చెప్పేశాను. ఆ కాగితం నకలు కంప్యూటర్‌లో పాట పక్కనే పెట్టారు. ఇప్పుడు చదివితే, పాట మీద హక్కులన్నీ వాళ్లకే రాసిచ్చినట్లుంది.

పాటను అందరికీ తెరిచిపెట్టమని, కనీసం మన తండాకు ఒక కాపీ ఇవ్వమని యూనివర్సిటీకీ కంపెనీకీ రాశాను. కాగితం అర్థం కాకుండానే యాడికి చెప్పింది నేనేనని కూడా రాశాను. జవాబు రాలేదు.

వచ్చినా రాకున్నా, సమ్మె ముగియగానే చాందీని తీసుకుని రా. పాట పట్టుబడేదాకా ఎన్ని రోజులైనా నా దగ్గరే ఉంటుంది. హెడ్‌ఫోన్లు ఒక్క జతే, ఒకరి తర్వాత ఒకరు వినండి. నువ్వు మాత్రం పాట అవగానే తీసేయకు. నా అబద్ధం విన్నాక యాడి సారుతో తెలుగులో అన్న మాట ఉంది: "నా బిడ్డ సదువుకున్నది సారూ. ఆమె చెప్పినంక ఇగ నాకేం రంది. వేలు ఏడ పెట్టాల్నో సూపియ్యి."

ఇట్లు,
నీ చెల్లెలు
రాజీ